రివర్సు లేని బండి

మొన్న ఆదివారం పొద్దున మా వీధిలోకి పాత ఇనుప సామాన్లు కొనే ఆటో వచ్చింది. మైకులో రికార్డు చేసిన గొంతు ఒకటే మాటను తిప్పి తిప్పి చెబుతుంటుంది కదా, ఆ గొంతు వినగానే ఈ అద్దె ఇల్లు ఖాళీ చేయాల్సిన రోజు దగ్గర పడిందని గుర్తొచ్చి, వెనక రేకుల షెడ్డులో ఉన్నవన్నీ వాకిట్లోకి తెచ్చి పెట్టాను. విరిగిన కుర్చీ, తుప్పు పట్టిన కూలరు, చిల్లు పడ్డ బకెట్లు ఆటోలో వేసుకున్నాక అతను తనంతట తానే షెడ్డులోకి తొంగి చూసి, మూలనున్న గోనెసంచి విప్పి, లోపలున్న దాన్ని ఎత్తబోయి, అదేమిటో అంతుపట్టక, అట్లాగే గొంతుక్కూర్చుని నా వైపు చూశాడు.

"గిదేంది సార్? పొయ్యా, బండా?"

నేనూ వంగి దాన్ని చూశాను. ఆకుపచ్చ రంగు రేకు, కింద నాలుగు చెక్క చక్రాలు, ముందర బంపరు ముక్క, ఎడమ పక్కన అరచేయి పట్టేంత సొట్ట. కొట్లాడే యంత్రం అని చెబితే నవ్వుతాడు. మా బాపు జీపు అని చెబితే అదీ అబద్ధం కాదు, కానీ అది చెప్పాలంటే చాలా దూరం నుంచి మొదలుపెట్టాలి. సొట్ట తీస్తే రేకు మంచిదేనని, ఇచ్చేయమని అతను అడిగాడు. ఇవ్వనన్నాను. అతనికి చెప్పలేకపోయినది నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

మాది రేగొండ దగ్గర ఒక ఊరు. ఊరి నడుమ దొరలుండే కోటలాంటి గడి, గడిలో మా తాత, ఆయన తర్వాత ఆయన కొడుకు, మా బాపు. ఈ రెండు మాటలతోనే మా ప్రాంతం వాళ్లకు మిగతా అంతా తెలిసిపోతుంది కనుక ఎక్కువ చెప్పను. గడి ముందు ఒక ఆకుపచ్చ జీపు ఉండేది. ఊరికి పొలాల మధ్య నుంచి సన్నటి బండ్ల బాట ఒక్కటే దారి. ఆ బాట మీద జీపుకు ఎడ్లబండి ఎదురైతే జీపు ఆగేది, వెనక్కి మాత్రం పోయేది కాదు. బండివాడే దిగి, ఎడ్లను విప్పి, బండిని చేతులతో నెట్టుకుంటూ పొలంలోకి దించేవాడు. నిండు బండి అయితే చుట్టుపక్కల పనిచేసేవాళ్లు వచ్చి తలా ఒక చేయి వేసేవారు. అంతసేపూ బాపు స్టీరింగు మీద చేయి ఉంచి, వీపు నిటారుగా పెట్టి, ముందుకే చూస్తూ కూర్చునేవారు. ఆ ముఖంలో కోపం ఉండేది కాదు, తొందరా ఉండేది కాదు. జీపు అనే బండికి వెనక్కి పోవడం రాదని నేను చాలా ఏళ్లు నిజంగానే నమ్మాను. దానికి రివర్సు గేరు ఉంటుందని ఐటీఐలో చేరాక గానీ నాకు తెలియలేదు.

ఆ ఊళ్లో నాతో ఆడుకునే పిల్లలకు కొదువ లేదు. గోళీలు, చిర్రగోనె, ఏదంటే అది ఆడేవారు. అయితే ప్రతి ఆటలోనూ నేనే గెలిచేవాణ్ణి. గురి చూసి కొట్టగలిగిన పిల్లవాడు కూడా నా గోళీ దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, వేలు కొంచెం పక్కకు తిప్పేవాడు. మొదట్లో అది నా గొప్పతనం అనుకున్నాను. ఒకసారి ఒకడు మరిచిపోయి నన్ను ఓడించాడు, సాయంత్రం వాళ్ల నాయన వాణ్ణి మా వాకిట్లోకి తెచ్చి, మా ఎదురుగానే కొట్టాడు. కొట్టమని మా ఇంట్లో ఎవరూ అనలేదు. వద్దని కూడా అనలేదు. ఆ తర్వాత నుంచి వేలు పక్కకు తిరగడానికి ముందు వచ్చే ఆ క్షణం నిశ్శబ్దం నాకు స్పష్టంగా వినబడటం మొదలైంది. ఒకసారి వినబడ్డాక ఇక ఏ ఆటలోనూ సంతోషం లేకుండా పోయింది.

తర్వాత కాలం తిరగబడింది. అడవి దారిన తుపాకులు పట్టుకొని వచ్చినవాళ్లు గడి తలుపు కొట్టారు, మేము ఊరు విడిచి హనుమకొండలో అద్దె ఇంటికి చేరాము, పొలాలు ఎవరు దున్నుకుంటున్నారో వాళ్లవే అయ్యాయి. బాపు ఆ అద్దె ఇంటి వరండాలో కూడా అట్లాగే నిటారుగా కూర్చుని, అట్లాగే పోయారు. గడి పైకప్పు ఒక వానకాలం కూలింది. జీపు మాత్రం కొట్టంలో, టైర్లు మట్టిలో కలిసిపోయి, ఎవరికీ అక్కరకు రాకుండా మిగిలింది. నేను ఐటీఐ పూర్తి చేసి, అక్కడా ఇక్కడా పనిచేసి, చివరికి భూపాలపల్లిలో ఒక చిన్న ప్రైవేటు ఐటీఐలో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవాడిగా కుదురుకున్నాను. ఊళ్లో ఆడుకునేవాళ్లు నాకు ఓడిపోయేవారు, ఊరు విడిచాక ఆడేవాళ్లే లేకుండా పోయారు.

ఇప్పుడు చెప్పబోయేది రాష్ట్రం కోసం రోడ్లన్నీ మూతబడ్డ ఆ ఏళ్ల సంగతి. మీలో చాలామంది ఆ రోడ్ల మీద కూర్చున్నవాళ్లే అయి ఉంటారు. బొగ్గు బావులు ఆగిపోయాయి, బస్సులు డిపోలు దాటలేదు, బడులకు తాళాలు పడ్డాయి. భూపాలపల్లిలో అంబేద్కర్ బొమ్మ దగ్గర వేసిన దీక్షా శిబిరంలో ఒకనాడు ఒక కులం వాళ్లు కూర్చుంటే మరునాడు ఒక ఉద్యోగ సంఘం వాళ్లు కూర్చునేవారు. మా ఐటీఐలో పనిచేసేవాళ్లు కూడా ఒకరోజు కూర్చున్నారు. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. రాష్ట్రం రావాలన్న కోరిక నాకు తక్కువేమీ లేదు, సినిమాల్లో మన మాటను వెక్కిరించినప్పుడు నా చెవులూ వేడెక్కేవి. కానీ డేరాలో వాళ్లు పాడే పాటల్లో దొర అనే మాట తరచుగా వచ్చేది, ఆ మాట వచ్చినప్పుడు నేను అక్కడ ఏ ముఖంతో కూర్చోవాలో నాకు తెలియలేదు. పిలవని చోటికి పోకూడదన్నది మా ఇంటి నియమం. అందుకని డేరాకు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చుని, ఆ పాటలు చివరిదాకా విని, ఇంటికి పోయేవాణ్ణి.

ఐటీఐ మూతబడటానికి ముందు నోటీసు బోర్డు మీద ఒక పోస్టరు అంటించి ఉండేది. జనగామ బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రోబోల యుద్ధం, ఇంట్లో తయారుచేసిన యంత్రాలను తెచ్చి ఒకదానితో ఒకటి కొట్లాడించాలి, చదివేవాళ్లయినా చెప్పేవాళ్లయినా ఎవరైనా రావచ్చు. పిల్లలు ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం ఆ పోస్టరు ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇద్దరు మనుషుల మధ్య రెండు యంత్రాలు ఉంటాయి. యంత్రానికి ఎదుటివాడు ఎవరి కొడుకో తెలియదు. జనగామలో నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ లేరు. నా జీవితంలో ఒక్కసారైనా, ఎవరూ వేలు పక్కకు తిప్పని ఆట ఒకటి ఆడాలి. గెలుపు కంటే నాకు అదే ఎక్కువ కావాలనిపించింది.

తయారీకి కావలసిన రోజులు బంద్‌లే ఇచ్చాయి. రేకు కోసం చాలా ఏళ్ల తర్వాత మా ఊరికి పోయాను. గ్యాస్ కట్టర్ ఉన్నవాణ్ణి వెంట తీసుకుపోయి, కొట్టంలో జీపు బానెట్‌ను, బంపర్‌లో ఒక ముక్కను కోయించుకున్నాను. ఎవరూ అడ్డం రాలేదు, ఎవరూ దగ్గరికీ రాలేదు. లారీల పాత సామాన్ల దుకాణంలో రెండు వైపర్ మోటార్లు దొరికాయి, ఒక్కొక్కటి ఒక వైపు చక్రాలను తిప్పుతుంది. చక్రాలు వడ్రంగి చేత మద్ది చెక్కతో తిప్పించి, పాత టైరు పట్టీలు మేకులతో కొట్టాను. మోటారు సైకిల్ బ్యాటరీ ఒకటి కడుపులో పెట్టాను. ఆ రోజుల్లో గాలిలోంచి నడిపే రిమోట్లు మాబోటి వాళ్లకు అందేవి కావు, యంత్రం నుంచి పొడుగాటి తీగ వస్తుంది, ఆ తీగ చివర చెక్కపెట్టె, పెట్టె మీద స్విచ్‌లు, తీగ పట్టుకొని యంత్రం వెనకే నడవాలి. నేను కాలింగ్ బెల్ స్విచ్‌లు రెండు పెట్టాను. రెండూ నొక్కితే ముందుకు పోతుంది, ఒకటి నొక్కితే తిరుగుతుంది.

వెనక్కి పోవాలంటే రెండు వైపులా పనిచేసే స్విచ్ కావాలి, దానికి తీగలు అడ్డంగా మార్చి కలపాలి. అది నాకు తెలియక కాదు, ఏటా పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పే పాఠమే. దుకాణంలో ఆ స్విచ్‌లు చేతిలోకి తీసుకొని కూడా మళ్లీ పెట్టేశాను. ఆ ఆకుపచ్చ బానెట్ కింద రివర్సు పెట్టడానికి నాకు చేయి రాలేదు. బాపు బండి వెనక్కి పోగా నేను చూడలేదు. అంతకు మించి కారణం ఏమీ లేదు.

పందేనికి ముందురోజు దొరికిన లారీ ఎక్కి హనుమకొండ చేరి, తెల్లవారి కాజీపేటలో ప్యాసింజర్ పట్టుకున్నాను. రైలు జనగామ దాకా వచ్చి ఆగిపోయింది, పట్టాల మీద జనం కూర్చున్నారు. గోనెసంచి భుజాన వేసుకొని ఆగి ఆగి నడుచుకుంటూ కాలేజీకి పోతే గేటుకు తాళం ఉంది. లోపలి నుంచి వాచ్‌మన్ చేయి ఊపాడు.

"ఇయ్యాల బంద్ సార్. ఆటల్లేవ్, పాటల్లేవ్. తెలంగాణ వచ్చినంక రాండ్రి."

గేటు పక్క గద్దె మీద ముప్పై ఏళ్ల ఒకామె కూర్చుని ఉంది. ఆమె పక్కన కూడా గోనెసంచి, దాంట్లోంచి తీగలు బయటికి వేలాడుతున్నాయి. నా సంచిని, నా ముఖాన్ని చూసి గట్టిగా నవ్వింది.

"మీది గూడ కొట్లాడేదేనా సార్? మా అమ్మ మా భాషల మస్తు తిట్టింది. పెండ్లి చేస్కోవే అంటే రేకులు కొట్టుకుంట కూసుంటవేందని. ఇప్పుడు తిరిగి పోతే ఇంకో వాయి ఉంటది."

ఆమెది మరిపెడ దగ్గర ఒక తండా. మానుకోటలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుందట. నా పేరు అడిగింది, చెప్పాను, ఊరి పేరు అడగలేదు. నాకు ప్రాణం తేలికైంది.

ఇద్దరం సంచులు మోసుకుంటూ హైవే మీదికి వచ్చేసరికి అక్కడ వంటావార్పు జరుగుతోంది. రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ల పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గంజుల్లో అన్నం, పప్పుచారు, రెండు వైపులా ఆగిపోయిన లారీలు, ఆ లారీల డ్రైవర్లు కూడా వంటవాళ్లలో కలిసిపోయి ఉల్లిగడ్డలు కోస్తున్నారు. జెండా పట్టుకున్న ఒకతను మమ్మల్ని ఆపాడు.

"సంచిల ఏమున్నది? వైర్లు కనబడ్తానయ్. బాంబా ఏంది?"

"బాంబైతే నీ పక్కకు వచ్చి నిలబడ్తనా అన్నా?" అంది ఆమె. "కొట్లాడే బొమ్మలు. పందెం బందైంది."

ఇంకేముంది. సాయంత్రం దాకా కదలకుండా కూర్చోవలసిన జనం. ఇక్కడే కొట్లాడించమని నాలుగు దిక్కుల నుంచీ కేకలు. రోడ్డు మీద నినాదాలు రాయడానికి తెచ్చిన ముగ్గుపిండి మిగిలితే ఒక పెద్దామె వంగి, పొయ్యిలకు దూరంగా, రోడ్డు అంచు దాకా పెద్ద గుండ్రటి గీత గీసింది. గీత దాటినవాళ్లు ఓడినట్టు. ఆమె యంత్రం నూనె డ్రమ్ము రేకుతో చేసింది, తాబేలులాగా నేలకు అతుక్కొని, ముందు భాగం చాటలాగా వాలుగా ఉంది. నాది దానికి రెండింతల ఎత్తు. నేను తీగ పెట్టె పట్టుకొని నా చోట నిలబడ్డాను.

అప్పుడు గుంపులోంచి ఒక ముసలాయన ముందుకు వచ్చి నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"మీరు మా గడి దొర కొడుకు గదా? ఆ నిలబడుడు చూస్తెనే ఎరుకైంది. గీ రేకు గూడ ఆ జీపుదేనా ఏంది?"

మా ఊరాయన. కూతురి దగ్గరికి వచ్చి జనగామలో ఉంటున్నాడట. నేను అవునన్నాను, కాదనడం నాకు రాదు. ఆయన ఆమె వైపు తిరిగి, మంచి మాట చెబుతున్నట్టే చెప్పాడు.

"బిడ్డా, జర చూస్కొని ఆడు. దొర కొడుకు."

నా చేతిలో పెట్టె బరువైపోయింది. భూపాలపల్లి నుంచి ఇంత దూరం మోసుకొచ్చింది ఈ మాట వినడానికేనా అనిపించింది. ఇక గెలిచినా అది పాత గెలుపే. సంచిలో వేసుకొని పోదామని వంగాను కూడా.

"దొరైతే నాకేంది తాతా?" అంది ఆమె, తలెత్తకుండానే, తీగ ముడి విప్పుకుంటూ. "నేను మానుకోట నుంచి గీడికి ఓడిపోనీకి వచ్చిన్నా?"

జనం ఈలలు వేశారు. నేను నిటారుగా లేచి, రెండు స్విచ్‌లూ నొక్కాను.

మొదటి దెబ్బ నాదే. బంపరు పోయి తాబేలు పక్కన తగిలితే అది గిర్రున తిరిగింది. జనం హోరుమన్నారు. రెండోసారీ తగిలింది. మూడోసారి ఆమె తప్పుకుంది, వెనక్కి. మళ్లీ వెనక్కి. నేను వెంటబడ్డాను. ఆమె వెనక్కి నడుస్తూ, యంత్రాన్ని వెనక్కి నడిపిస్తూ, నా చేతి పెట్టె వైపే చూస్తోంది. దాని మీద రెండే స్విచ్‌లు ఉన్నాయని ఎప్పుడు గమనించిందో గమనించింది. రోడ్డు అంచు దాకా నన్ను రానిచ్చి చివరి క్షణంలో పక్కకు తిప్పింది. నా బండి ముందు చక్రాలు తారు దిగి మట్టి మీద గాలిలో వేలాడాయి, కడుపు రోడ్డు అంచుకు ఆని వెనక చక్రాలు ముగ్గు గీత లోపలే ఊరికే తిరుగుతున్నాయి. వెనక్కి రావాలి. వెనక్కి రావడం దానికి లేదు.

గుంపు ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. ఊపిరి బిగబట్టి, వేలు పక్కకు తిరిగే ముందటి నిశ్శబ్దం. ఆమె నా ముఖంలోకి చూసింది. నేను కన్ను వాల్చలేదు. ఆ చూపులో అనుమతి అడగడం లేదు, జాలి లేదు, నేను సిద్ధంగా ఉన్నానా లేదా అన్నది మాత్రమే ఉంది. తర్వాత తాబేలును చుట్టూ తిప్పి తెచ్చి, చాటలాంటి దాని మూతిని నా బండి కిందకు దూర్చి, ఎత్తి, అవతలికి తోసేసింది. బండి పల్టీకొట్టి కింది బండరాయి మీద పడ్డ చప్పుడు ఈలల, కేకల మధ్య కూడా నాకు వినబడింది.

"రివర్సు లేదా దొరా?" ముసలాయన నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకుంటున్నాడు. "మీ బాపు జీపు గూడ గంతేనాయె. నా ఎడ్లను ఎన్ని మాట్ల ఇప్పిచ్చిండో!"

ఆ మాటలో విషం లేదు. అందరూ నవ్వారు. నా ఎదురుగా నా గురించి జనం నవ్వడం నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

"ఓడిపోయిన" అన్నాను, అందరికీ వినబడేటట్టు. ఆ మాట నా నోట రావడం కూడా అదే మొదలు. దాని రుచి ఎట్లా ఉంటుందో ఇప్పటికీ చెప్పలేను. ఎండలో చాలా దూరం నడిచి చెప్పులు విడిచినట్టుంది అంటే కొంత దగ్గరగా ఉంటుందేమో.

తర్వాత రోడ్డు మీదే విస్తర్లు వేశారు. నేను బండిని సంచిలో వేసుకొని ఎప్పటిలాగే పక్కన నిలబడితే, ముసలాయన తన పక్కవాణ్ణి మోచేత్తో జరిపి, తారు మీద చేత్తో తట్టాడు. "కూసో దొరా. రోడ్డు అందరిది." ఆయన ఎడ్లు విప్పిన బాట మీద ఆయన పక్కన కూర్చున్నవాళ్లం కాదు మేము. కూర్చున్నాను. నేను మొదటి ముద్ద పెట్టుకునే దాకా ఎవరూ ఆగలేదు, అప్పటికే అందరూ తింటున్నారు. అన్నం కొంచెం అడుగంటింది, పప్పుచారులో కారం ఎక్కువ. మారు వడ్డించమని అడిగి తిన్నాను.

సాయంత్రం పట్టాలు వదిలారు. ముందు వచ్చిన రైలు కిక్కిరిసి ఉంటే ఆమెను ఎక్కనిచ్చి నేను తర్వాతిదానికి ఆగాను. తలుపు దగ్గర సంచి లోపలికి తోసుకుంటూ అంది, "రివర్సు పెట్టిచ్చుకొని రా సార్. మల్ల చూద్దాం. గిట్ల గెలిస్తె నాకు గూడ మజా రాలే. మానుకోటకు వచ్చి కాలేజీల అడిగితె ఎవలన్న చెప్తరు."

వారం తిరగకముందే రెండు వైపులా పనిచేసే స్విచ్‌లు కొని, తీగలు మార్చి కలిపాను. బానెట్ ఏమీ అనలేదు. సొట్టను మాత్రం కొట్టించలేదు. తర్వాత పందెం కోసం ఎదురుచూశాను. ఆ కాలేజీ వాళ్లు మళ్లీ పెట్టలేదు. మానుకోటకు పోవచ్చు, ఆమె పిలిచింది కూడా, అయినా పిలుపు ఇంకొకసారి వస్తే బాగుండునని ఆగాను. రాష్ట్రం వచ్చింది. వచ్చిన రాత్రి భూపాలపల్లిలో పటాకులు కాలుస్తుంటే నేనూ వీధిలోకి వచ్చి నిలబడ్డాను. ఆ తర్వాతి ఏడు సంచి వేసుకొని మానుకోట పోతే పాలిటెక్నిక్ ఉన్నచోట ఫంక్షన్ హాలు ఉంది, పెండ్లి వంట జరుగుతోంది. అడిగినవాళ్లలో ఎవరికీ ఆమె తెలియదు. తండాల నుంచి చాలామంది పనుల కోసం దూరాలు పోయారు, మేడం ఎటు పోయిందో అన్నారు. తండా పేరు నేను అడిగి ఉంచుకోలేదు.

ఇప్పుడు భూపాలపల్లి జిల్లా కేంద్రం, జనగామా జిల్లానే, మానుకోటా జిల్లానే. జనగామ దగ్గర హైవే ఎంత వెడల్పయిందంటే ఆ ముగ్గు గీత ఎక్కడ గీసిందీ చెప్పలేను, ముసలాయన చేత్తో తట్టిన తారు మీద ఇంకెన్ని పొరల తారు పడిందో. పిల్లలకు రోబోలు అట్టపెట్టెల్లో వస్తున్నాయి, అన్నీ ఒకే రంగు, అన్నిటికీ రివర్సు ఉంటుంది. బస్సులో గోనెసంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే దాంట్లో ఏముందని అడిగేవాళ్లు లేరు. మేము కోరుకున్నది వచ్చింది, రావలసిందే. దానికోసం ఆగిన రోడ్లు మళ్లీ నడిచాయి, నడవవలసిందే. కానీ నాలాంటి వాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకోవడానికి జనానికి తీరిక దొరికింది ఆ ఆగిన రోడ్ల మీదనే.

ఆటో అతను ఇంకా గొంతుక్కూర్చునే ఉన్నాడు. నేను స్కూటర్ బ్యాటరీ విప్పి తెచ్చి, తీగలు కలిపి, స్విచ్ ముందుకు నొక్కాను. చెక్క చక్రాలు కిర్రుమంటూ వాకిలి దాటి గేటు దాకా పోయాయి. తర్వాత వెనక్కి నొక్కాను. సొట్ట పడ్డ ఆకుపచ్చ బండి ఎవరి కోసమూ ఆగకుండా, నెమ్మదిగా, వెనక్కి నడుచుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది.

"మంచిగనే నడుస్తాంది గదా సార్" అన్నాడు అతను, లేచి దుమ్ము దులుపుకుంటూ. "మరి మూలకెందుకు పెట్టిన్రు?"

"కొట్లాడాల్నంటె ఇంకొకటి ఉండాలె గదా" అన్నాను.